బెల్టు కూత ఎక్కడిది? కారు బెల్టులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చెన్నైలో వానలు మొదలయ్యాయంటే బెల్టుల గురించి ఉత్తరాలు మొదలవుతాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, జవాబులు కింద ఇస్తున్నాం. మన వాళ్లంతా ‘ఫ్యాన్ బెల్టు’ అనే మాటే వాడతారు. ఇప్పటి కార్లలో చాలావాటికి రేడియేటర్ ఫ్యాను కరెంటు మోటారుతో తిరుగుతుంది. ఆ బెల్టు తిప్పేది బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను, వాటర్ పంపును, ఏసీ కంప్రెసర్‌ను, కొన్ని బండ్లలో పవర్ స్టీరింగ్ పంపును.

ప్రశ్న: మాది ఏడేళ్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. రెండు బెల్టులున్నాయి: ఆల్టర్నేటర్‌కీ వాటర్ పంపుకీ ఒకటి, ఏసీకి ఒకటి. రెండూ బోల్టుతో బిగించే రకమే. ఆల్టర్నేటర్ బెల్టు అంచున దారాలు లేచాయి. అపార్ట్‌మెంట్ పార్కింగులోనే మార్చుకోవచ్చా? ఏమేం కావాలి?
– పెరంబూరు పాఠకుడు

జవాబు: మార్చుకోవచ్చండి. స్పానర్లు పట్టడం అలవాటున్న చేతికి మొదటిసారి ఒక పూట పని. అయితే అంచున దారాలు లేచాయని రాశారు, ముందు ఆ సంగతి తేలాలి. వయసు మీదపడ్డ బెల్టు రిబ్బుల (లోపలి వైపు పొడుగునా ఉండే గట్ల) దగ్గర పగులుతుంది, లేదా అరిగిపోతుంది. అంచు మాత్రమే చిట్లిందంటే ఏదో ఒక పుల్లీ వరుస తప్పి బెల్టును పక్కకు ఈడుస్తోంది. ఆ కారణం చూడకుండా కొత్తది వేస్తే దాని అంచు కూడా అలాగే పోతుంది.

బెల్టు కొనడానికి బండి పేరొక్కటే చాలదు. ఒకే మోడల్‌లో తయారైన ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి బెల్టు మారుతుంది. పాత బెల్టు వీపు మీద ‘4పీకే 850’ లాంటి నంబరు అచ్చయి ఉంటుంది. మొదటి అంకె రిబ్బుల సంఖ్య. పీకే అన్నది రిబ్బు ఆకారం; ఒక రిబ్బు నుంచి పక్క రిబ్బుకు 3.56 మిల్లీమీటర్లు. చివరిది మిల్లీమీటర్లలో పొడవు. నంబరు చెరిగిపోతే పాత బెల్టును టేపుతో కొలిచి కొనకండి, బయటి చుట్టుకొలతా నంబరులోని పొడవూ ఒకటి కావు. ఛాసిస్ నంబరు చెప్పి డీలరు పార్ట్స్ కౌంటర్లో సరైన పార్ట్ నంబరు రాయించుకోండి. ఆ నంబరు పట్టుకుని మౌంట్ రోడ్డు పక్కన జీపీ రోడ్డు దుకాణాలకు వెళ్తే గేట్స్, కాంటిటెక్, ఫెన్నర్ లాంటి కంపెనీల బెల్టు అడగవచ్చు. పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో పాత బ్రాకెట్టో, పుల్లీయో కొంటే కొనండి. వాడిన బెల్టు, వాడిన బేరింగు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

పనిముట్లు: 10, 12, 14, 17 సైజుల రింగ్ స్పానర్లు, అవే సైజుల సాకెట్లు, పొడుగు పిడి రాట్చెట్, టార్చి, జాకీ, దానితోపాటు జాకీ స్టాండు, స్టీలు స్కేలు. ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే కొక్కెం తూకం ఇంట్లో ఉంటే అదీ తెచ్చుకోండి, ఎందుకో కింద చెబుతాం. సముద్రపు గాలికి మన ఊళ్లో ఆల్టర్నేటర్ బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందురోజు రాత్రే వాటికి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. బెల్టు మీద, పుల్లీల మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. తాళం జేబులో ఉండాలి. ఇంజిన్ ఆపాక కూడా కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసి పక్కకు కట్టండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. ఆల్టర్నేటర్ వెనక రబ్బరు టోపీ కింద ఉన్న లావు వైరుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, మధ్యలో తాళం స్విచ్చి లేదు. స్పానర్ ఒక కొస దానికి, ఇంకో కొస బాడీకి తగిలిందంటే పెద్ద మెరుపు మెరిసి, స్పానర్ అంటుకుపోయి చెయ్యి కాలుతుంది.

చాలా మారుతి, హ్యుందాయ్ చిన్న కార్లలో బెల్టులు కుడి ముందు చక్రం వైపు ఉంటాయి. చక్రం తీసి, లోపలి ప్లాస్టిక్ కవచం క్లిప్పులు విప్పితే బెల్టులను నడిపే క్రాంక్ పుల్లీ కనబడుతుంది. చదునైన చోట, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, స్టాండు మీద బరువు దించాకే చెయ్యి లోపల పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు.

విప్పే ముందు బెల్టు దారిని ఫోనులో రెండు మూడు వైపుల నుంచి ఫోటో తీసుకోండి. బయట ఉన్న బెల్టు తీస్తే గానీ లోపలిది రాదు. చాలా బండ్లలో బయటిది ఏసీది. తీసిన బెల్టును మళ్లీ వేయదలిస్తే అది తిరిగే దిశను చాక్‌పీసుతో బాణం గీసి పెట్టుకోండి, తిరగేసి వేస్తే చప్పుడు చేస్తుంది. ఆల్టర్నేటర్‌కు కింద ఇరుసు బోల్టు, పైన గాడిలో లాక్ బోల్టు ఉంటాయి. రెండూ వదులు చేయాలి, ఊడదీయకూడదు. అప్పుడు అడ్జస్టింగ్ బోల్టు వెనక్కి తిప్పితే ఆల్టర్నేటర్ ఇంజిన్ వైపు వాలి బెల్టు చేతికి వస్తుంది.

బెల్టు చేతికొచ్చాక తొందరపడకండి. అసలు పని ఇప్పుడే. ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పండి. గరగరమన్నా, ఒక్కచోట పట్టుకున్నట్టున్నా బేరింగు పోయింది. పుల్లీ అంచు పట్టుకుని అటూ ఇటూ కదపండి, ఊగకూడదు. వాటర్ పంపు ఇరుసు కింద సన్నటి రంధ్రం ఉంటుంది. అక్కడ కూలెంట్ ఎండిన మరక కనిపిస్తే పంపు సీలు కారుతున్నట్టు. స్టీలు స్కేలును క్రాంక్ పుల్లీ ముఖానికి ఆనించి ఆల్టర్నేటర్ పుల్లీ దాకా చూడండి, మీ బండిలో వరుస తప్పింది ఎక్కడో అక్కడ తెలుస్తుంది. ఆల్టర్నేటర్ రిపేరుకు తీసి పెట్టినప్పుడు ఒక వాషర్ మారినా, బ్రాకెట్ వంగినా ఆ తేడా వస్తుంది. గాళ్లలో మట్టి, పాత రబ్బరు పొడి ఉంటే నైలాను బ్రష్షుతో తీసేయండి.

కొత్త బెల్టు వేసేటప్పుడు రిబ్బులన్నీ గాళ్లలోనే కూర్చున్నాయా అని ప్రతి పుల్లీ దగ్గరా వేలుతో తడిమి చూడండి. కింద ఉన్న క్రాంక్ పుల్లీ కంటికి ఆనదు, ఎక్కువ మంది తప్పేది అక్కడే. ఒక్క రిబ్బు పక్కకు కూర్చుంటే కాసేపటికే బెల్టు పీచులు పీచులుగా చీలిపోతుంది.

ఇక బిగింపు. రెండు పుల్లీల మధ్య ఉన్న పొడవాటి భాగం నడుమ, సుమారు 10 కిలోల బలంతో లాగితే ఎంత వంగుతుందన్నది కొలత. తూకం కొక్కెం తగిలించి 10 చూపించేదాకా లాగి, స్కేలుతో వంపు కొలవండి. బొటనవేలి అంచనా కంటే ఇది ఎంతో నయం. చిన్న కార్లలో ఇది సాధారణంగా 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ ఇంజిన్‌కు కచ్చితంగా ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో కొత్త బెల్టుకు ఒకటి, వాడిన బెల్టుకు ఒకటి అని రెండు అంకెలుంటాయి. కొత్తదానికి బిగువు ఎక్కువ. లాక్ బోల్టు, ఆ తర్వాత ఇరుసు బోల్టు బిగించి మళ్లీ కొలవండి, బోల్టు బిగించేటప్పుడు కొలత కొంచెం మారుతుంది. పాత మోడళ్లలో అడ్జస్టింగ్ బోల్టు ఉండదు, ఆల్టర్నేటర్‌ను కర్రతో ఎత్తి పట్టి బిగించాలి. అప్పుడు బ్రాకెట్ దగ్గర లావుగా ఉన్న చోటే ఆనించండి, వెనక పల్చటి అల్యూమినియం మీద కాదు.

పట్టు జారుతుందేమోనని మరీ బిగించేయడం మనవాళ్లకు అలవాటు. దాని భారం వాటర్ పంపు బేరింగు మీద, ఆల్టర్నేటర్ ముందు బేరింగు మీద పడుతుంది. బెల్టు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, ఆ బేరింగుల ఖర్చు దాన్ని ఎప్పుడో దాటిపోతుంది.

క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ తిరిగే దిశలోనే రెండు చుట్లు తిప్పండి. బెల్టు పక్కకు పోకపోతే చక్రం వేసి, బండిని కిందికి దించి, బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయండి. బేస్‌మెంట్ పార్కింగ్ అయితే బండిని ఆరుబయటికి తోయించాకే స్టార్ట్ చేయాలి. మూసినట్టున్న చోట పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. పది నిమిషాలు నడిచాక ఆపి, చల్లార్చి, బిగువు మళ్లీ చూడండి. మరో రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి.

ప్రశ్న: పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీ...చు మని కూత. రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఏసీ వేస్తే మళ్లీ. బెల్టు పైకి బాగానే కనబడుతోంది, ఒక్క పగులూ లేదు.
– అంబత్తూరు పాఠకురాలు

జవాబు: పగులు లేదు కాబట్టి బెల్టు బాగుంది అనే లెక్క పాత రబ్బరుకు చెల్లింది. అప్పట్లో వాడిన నియోప్రీన్ వయసుతోపాటు పగిలేది. ఇప్పుడు దాదాపు అన్ని రిబ్బు బెల్టులూ ఈపీడీఎం రబ్బరువి. అవి పగలడం తక్కువ, టైరు లాగా అరుగుతాయి. రిబ్బుల మధ్య లోయలు వెడల్పవుతాయి, బెల్టు పుల్లీ గాడిలో ఇంకా లోతుకు దిగుతుంది, రిబ్బు పక్కలు పట్టాల్సినంత గట్టిగా పట్టవు. లోపలి దారం అంతగా సాగకపోయినా బెల్టు వదులైనట్టు కావడానికి కారణం ఇదే. కొత్త బెల్టు ముక్కను పక్కన పెట్టి లోయల లోతు పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

మీరు రాసిన సాగదీసిన కూత బెల్టు జారే చప్పుడు. స్టార్ట్ చేశాక ఆల్టర్నేటర్ మీద బరువెక్కువ, రాత్రి తేమకు బెల్టు తడి. ఏసీ వేస్తే మళ్లీ బరువు. రెండో రకం చప్పుడు ఇంకోలా ఉంటుంది: కిచ్, కిచ్, కిచ్ అని పిచ్చుక కూసినట్టు, ఇంజిన్ వేగంతోపాటు లెక్కగా వస్తుంది. అది పుల్లీ వరుస తప్పిన చప్పుడు. తేల్చుకోవడానికి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా స్ప్రే సీసాతో దూరం నుంచి బెల్టు రిబ్బుల వైపు మంచినీళ్లు కొద్దిగా చిమ్మండి. కొంగు, చున్నీ, జడ, చేతి గొలుసు ఏదీ దరిదాపుల్లో ఉండకూడదు. చప్పుడు పెరిగితే బిగువు చాలడం లేదు, లేదా బెల్టు అరిగింది. కొన్ని క్షణాలు ఆగి మళ్లీ మొదలైతే వరుస తప్పింది. అసలు ఏ మార్పూ లేకపోతే బేరింగులను అనుమానించండి.

మల్టీమీటర్ ఉంటే ఐడిల్‌లో హెడ్‌లైట్లు, ఏసీ వేసి బ్యాటరీ వోల్టేజీ చూడండి. మామూలు ఆల్టర్నేటర్ అయితే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కూత వస్తున్నప్పుడు 13 కంటే దిగువకు పడి, కూత ఆగగానే పైకి లేస్తే జారుడే కారణమని ఖాయం.

ప్రశ్న: కూతకు బెల్టు మీద సబ్బు రాయమని ఒకరు, స్ప్రే కొట్టమని ఒకరు, పౌడర్ చల్లమని ఒకరు చెప్పారు. ఏది మంచిది?
– విల్లివాక్కం పాఠకుడు

జవాబు: ఏదీ వద్దు. జిగురు స్ప్రేకు దుమ్ము అంటుకుని రిబ్బులను ఇంకా అరగదీస్తుంది, సబ్బు జారుడును పెంచుతుంది. రెండు రోజులు చప్పుడు దాగుతుంది, కారణం అక్కడే ఉంటుంది. బెల్టు మీద నూనె తడి కనబడితే ముందు ఆ కారుడు ఎక్కడిదో పట్టుకోండి: వాల్వ్ కవర్ గాస్కెట్టా, స్టీరింగ్ ఆయిల్ పైపా? ఆయిల్ పీల్చిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, కడిగినా మామూలు కాదు. కారుడు ఆపించి, పుల్లీలు బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, కొత్త బెల్టు వేయండి.

ప్రశ్న: మా కారుకు ఒకటే పొడవాటి బెల్టు, స్ప్రింగ్ టెన్షనర్. బెల్టు మార్పించి నెల కాలేదు, మళ్లీ చప్పుడు. ఐడిల్‌లో టెన్షనర్ చెయ్యి వణుకుతూ కనబడుతోంది.
– షోళింగనల్లూరు పాఠకుడు

జవాబు: బెల్టు మార్చారు, దాన్ని స్ప్రింగుతో బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ను చూడలేదని తోస్తోంది. ఆ చెయ్యి కొంచెం కదలడం సహజం; కంటికి కొట్టొచ్చినట్టు ఊగిపోతుంటే ఊగుడును అణిచే లోపలి డ్యాంపర్ అరిగింది, లేదా ఆల్టర్నేటర్ పుల్లీ దెబ్బతింది. చాలా డీజిల్ బండ్లలో, కొన్ని పెట్రోలు బండ్లలో ఆల్టర్నేటర్ పుల్లీ లోపల ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది. బెల్టు తీసి, ఆల్టర్నేటర్ లోపలి ఇరుసు కదలకుండా ఆపి పుల్లీ తిప్పండి: ఒక దిశలో గట్టిగా పట్టాలి, రెండో దిశలో సాఫీగా తిరగాలి. రెండు వైపులా పట్టేసినా, రెండు వైపులా తిరిగినా పుల్లీ మార్చాల్సిందే. దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన సాకెట్ కావాలి, ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది.

బెల్టు మీరే తీసేటట్టయితే, టెన్షనర్ మీద స్పానర్ పట్టే బోల్టు తలో, రాట్చెట్ దూరే చదరపు రంధ్రమో ఉంటుంది. పొడుగు పిడితో స్ప్రింగుకు ఎదురుగా నెమ్మదిగా తిప్పి, బెల్టు వదులవగానే చేతికి అందే నున్నటి ఐడ్లర్ (బెల్టుకు దారి చూపే ఉత్త పుల్లీ) మీది నుంచి జార్చండి. టెన్షనర్‌ను ఫట్‌మని వదలకండి, లోపలి ఆపు విరుగుతుంది, మధ్యలో వేలు ఉంటే వేలూ నలుగుతుంది. చాలా టెన్షనర్ల మీద సూచిక, దాని పక్కన రెండు గీతలు ఉంటాయి. కొత్త బెల్టు వేశాక సూచిక ఆ గీతల మధ్య లేకపోతే బెల్టు పొడవు తప్పు. మీ బెల్టు నంబరును పార్ట్ నంబరుతో ఒకసారి పోల్చి చూడండి.

బెల్టు దారి బొమ్మ బానెట్ లోపలో, రేడియేటర్ పైనో అంటించి ఉండవచ్చు. రిబ్బులున్న ముఖం గాళ్ల పుల్లీల మీదికి, నున్నటి వీపు నున్నటి పుల్లీల మీదికి రావాలి.

ప్రశ్న: ఏసీ బెల్టుకు ఎక్కడా బిగించే బోల్టు లేదు, టెన్షనర్ లేదు. స్క్రూడ్రైవర్‌తో ఎక్కించవచ్చా?
– మడిపాక్కం పాఠకుడు

జవాబు: స్క్రూడ్రైవర్ వద్దు. అది స్ట్రెచ్ బెల్టు, తన సాగుడుతోనే బిగువు నిలుపుకుంటుంది. స్క్రూడ్రైవర్ కొన తగిలితే లోపలి దారం తెగుతుంది, పుల్లీ అంచు కూడా చెక్కుకుపోతుంది. పాతదాన్ని కోసి తీసేయాలి, తీసినది మళ్లీ వేయడానికి పనికిరాదు. కొత్తదాన్ని పుల్లీ అంచుకు తగిలించే ప్లాస్టిక్ పరికరంతో, క్రాంకును చేత్తో తిప్పుతూ ఎక్కిస్తారు. కొన్ని బెల్టులతో ఆ పరికరం పెట్టెలోనే వస్తుంది, అడిగి తీసుకోండి. స్టార్టర్ కొట్టి ఎక్కించడం ప్రమాదం.

ప్రశ్న: ఈ బెల్టులు మార్చగలిగాం. ఇదే ఊపులో టైమింగ్ బెల్టు కూడా ఇంట్లో మార్చేస్తే?
– టి.నగర్ పాఠకుడు

జవాబు: ఇది మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాం. బయటి బెల్టు తప్పుగా పడితే బెల్టు పోతుంది. పళ్లుండే టైమింగ్ బెల్టు ఒక్క పన్ను జరిగినా, పిస్టన్లతో కలిసి తిరిగే క్రాంక్ షాఫ్టుకూ వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టుకూ మధ్య లెక్క తప్పుతుంది. ఎక్కువ తప్పితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, హెడ్ విప్పాల్సి వస్తుంది. లాకింగ్ పిన్నులు, టార్క్ రెంచి, గుర్తులు చదివే అనుభవం ఉన్న చోటే చేయించండి. బెల్టుతోపాటు టెన్షనర్, ఐడ్లర్ కూడా కొత్తవి వేయించండి. వాటర్ పంపును కూడా ఆ బెల్టే తిప్పే ఇంజిన్ అయితే పంపు కూడా.

అసలు మీ ఇంజిన్‌లో ఉన్నది టైమింగ్ బెల్టో, గొలుసో (చైన్) తెలుసుకోండి. మారుతి కే సిరీస్ పెట్రోలు ఇంజిన్లకు, పాత స్విఫ్ట్, డిజైర్‌లలోని 1.3 డీజిల్‌కు టైమింగ్ చైన్. పాత శాంత్రోకు, డస్టర్‌లోని 1.5 డీజిల్‌కు, పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కు టైమింగ్ బెల్టు. ఈ బెల్టు చప్పుడు చేసి హెచ్చరించదు. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు, ఏళ్లు, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి.

ప్రశ్న: మొన్నటి వానలకు మా వీధిలో మోకాలి లోతు నీళ్లలోంచి బండి తెచ్చాం. అప్పటి నుంచి కూత, గరగర.
– వేళచ్చేరి పాఠకురాలు

జవాబు: నీళ్లు ఆరిపోతాయి, బురద ఉండిపోతుంది. గాళ్లలో చేరిన ఇసుక రిబ్బులను ఆకురాయిలా రాస్తుంది. బెల్టు తీసి, సబ్బునీళ్లలో నైలాను బ్రష్షుతో గాళ్లన్నీ కడిగి, మంచినీళ్లతో జాడించి ఆరనివ్వండి. బెల్టును కూడా అలాగే. ప్రెషర్ వాషర్ బేరింగుల మీదికి కొట్టవద్దు, ఉన్న గ్రీజు కూడా పోతుంది. కడిగాక కూత పోయి గరగర మిగిలితే అది ఐడ్లర్, టెన్షనర్ బేరింగులది. వీటికి గ్రీజు పెట్టే వీలుండదు, మార్చడమే. ఏసీ ఆపినప్పుడు కూడా కంప్రెసర్ పుల్లీ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి దాని బేరింగు కూడా చూడండి.

నిలిపి ఉంచిన బండిలో నీళ్లు ఇంజిన్ ఎత్తుకు వచ్చి ఉంటే మాత్రం బెల్టు సంగతి తర్వాత. స్టార్ట్ చేయకుండా టో చేయించండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే స్టార్టర్ ఒక్కసారి తిప్పినా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ప్రశ్న: ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో వెళ్తుంటే ‘ఫట్’మని చప్పుడై బ్యాటరీ దీపం వెలిగింది. బెల్టు తెగింది. అలా జరిగితే ఎంత దూరం నడపవచ్చు?
– నావలూరు పాఠకుడు

జవాబు: తెగిన బెల్టు ఏమేం తిప్పుతోందన్న దాన్ని బట్టి. ఏసీది మాత్రమే తెగితే, ముక్కలు ఇంకో బెల్టులో చిక్కుకోలేదని చూసుకుని ఇంటిదాకా రావచ్చు. వాటర్ పంపు తిప్పే బెల్టు తెగితే ఎడమకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. నీళ్లు తిరగని ఇంజిన్ నిమిషాల్లో వేడెక్కుతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి.

వాటర్ పంపు వేరే ఉండి ఆల్టర్నేటర్ ఒక్కటే ఆగితే, బ్యాటరీలో ఉన్న దాని మీదే బండి నడుస్తుంది. ఏసీ, మ్యూజిక్ ఆపి పగటిపూట దగ్గరి షెడ్డుకు చేరవచ్చు. హైడ్రాలిక్ స్టీరింగ్ పంపు కూడా అదే బెల్టు మీద ఉంటే స్టీరింగ్ బరువెక్కుతుంది. కొన్ని పాత డీజిల్ బండ్లలో బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. బెల్టు తెగాక ఒకటి రెండు సార్లు నొక్కేసరికి బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. మీది అలాంటిదైతే ఒక్క అడుగు కూడా నడపకండి, టో బండిని పిలవండి.

దూర ప్రయాణాలు చేసేవారు పాత బెల్టును, అది ఇంకా పనికొచ్చేటట్టుంటే, దిశ బాణం గీసి డిక్కీలో పెట్టుకోండి, దానికి సరిపడే రెండు స్పానర్లతో సహా. స్ట్రెచ్ రకానికి ఇది కుదరదు.